చాందా చెరసాలలో గోండు వీరుడు

మన పిల్లలకు అల్లూరి సీతారామరాజు కథ తెలియును. కాని ఆయనకు అరువది యేండ్లు ముందే, మనకు అన్నము పెట్టుచున్న యీ గడ్డమీదనే పోరాడి ఉరికంబమెక్కిన బాబూరావు షెడ్మాకే పేరు మనలో ఎందరికి తెలియును? ఈ ఉగాదినాడు ఆ వీరుని స్మరించుకొందము.

అహేరి ప్రాంతమున మోలంపల్లి జమీందారు పుల్లేసూర్ బాపు ఇంట 1833 మార్చి 12న బాబూరావు జన్మించెను. 1854లో నాగపూరు రాజ్యముతోపాటు చాందా సీమయు ఇంగ్లీషువారి పాలయ్యెను. 1857 సెప్టెంబరులో ఆయన సుమారు 500 మంది గోండు యువకులను చేర్చి జంగోం దళమును స్థాపించెను. అడపల్లి, ఘోట్ జమీందారు వెంకటరావు ఆయనతో చేయి కలిపెను. 1858 ఏప్రిల్ 29న వారి దళము ప్రాణహిత యొడ్డున చించ్‌గుడివద్ద తంతి శిబిరముపై పడెను. గార్ట్‌లాండ్, హాల్ అను ఇద్దరు తంతి ఉద్యోగులు మరణించిరి.

అడవిలో ఆయనను పట్టుట దొరల సేనకు సాధ్యము కాలేదు. ఇంటిగుట్టు లంకకు చేటన్నట్లు, చాందా డిప్యూటీ కమిషనరు కెప్టెన్ క్రిక్టన్ అహేరి జమీందారిణి లక్ష్మీబాయిని తమవైపు త్రిప్పుకొనెను. ఆమె మనుష్యులు సిరోంచకు ఆవలనున్న భోపాలపట్నమువద్ద బాబూరావును బంధించిరి. అయినను ఆయన క్రుంగలేదు. కావలివారి కన్నుగప్పి తప్పించుకొనెను. మరల పట్టుబడునాటికి సెప్టెంబరు 18 వచ్చెను. ఈసారి చాందాకు తరలించిరి. 1858 అక్టోబరు 21న అచ్చటి జైలులో ఉరి తీసిరి. అప్పటికి ఆయన వయస్సు ఇరువదియైదేండ్లే.

వెంకటరావు బస్తరులోనికి పోయి, 1860లో పట్టుబడి యావజ్జీవ శిక్ష పొందెను. ఆయన జమీందారీలు లక్ష్మీబాయికి బహుమానముగా దక్కెను. పట్టియిచ్చినవారికి ఊళ్లు దక్కినవి. పట్టుబడినవానికి పేరు దక్కినది. చంద్రపూరు జైలులోని రావిచెట్టును చూపి, ఆయనను ఉరితీసిన చెట్టిదేయని నేటికిని జనులు చేతులు జోడింతురు.

మనము పొట్టచేతబట్టుకొని వచ్చినవారము. గోండులు ఈ నేలకు మనకంటె ముందరివారు. సోదరులారా! సెలవులకు ఊరికి పోవునపుడు రైలు చంద్రపూరు స్టేషనులో ఆగును. ఆ రెండు నిమిషములలో పిల్లలకు బాబూరావు పేరు చెప్పుడు. ఇరుగుపొరుగువారి వీరుని గౌరవించినచో, వారి గడ్డపై మనము పరాయివారము కాము.