ఆట నేర్పిన పంతులుగారు: సయ్యద్ అబ్దుల్ రహీం

పుస్తకం పట్టి పాఠం చెప్పే గురువును పూజించడం మనకు తరతరాల ఆచారం. మైదానంలో ఈల పట్టుకొని నిలిచే గురువును మాత్రం మనం ఆ వరుసలో కూర్చోబెట్టము. కాని ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో భారతదేశానికి రెండుసార్లు స్వర్ణపతకం సాధించిపెట్టిన మహనీయుడు హైదరాబాదు నగరంలోని ఒక బడిపంతులు. ఆయనే సయ్యద్ అబ్దుల్ రహీం. శిష్యులకు ఆయన రహీం సాబ్. ఉర్దూ, తెలుగు రెండూ వినిపించే మా కళాశాల సంచికలో ఆయన జీవితాన్ని స్మరించుకోవడం మా విధి అని తలచి ఈ వ్యాసానికి పూనుకొన్నాము.

రహీం 1909 ఆగస్టు 17న హైదరాబాదులో జన్మించారు. ఉర్దూ మాధ్యమంలో ఉన్నత విద్య నేర్పిన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదివి, ఆ విశ్వవిద్యాలయ జట్టులో ఫుట్‌బాల్ ఆడారు. పట్టభద్రులైన పిమ్మట ఉపాధ్యాయ వృత్తి చేపట్టి కాచిగూడ మిడిల్ స్కూలులోను, ఉర్దూ షరీఫ్, దారుల్ ఉలూమ్, చాదర్‌ఘాట్ పాఠశాలల్లోను పనిచేశారు. మధ్యలో వ్యాయామ విద్యలో డిప్లొమా పొంది, చివరి రెండు పాఠశాలల్లో క్రీడల బాధ్యత కూడా స్వీకరించారు. 1943లో హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి అయ్యారు. కన్నుమూసే వరకు ఆ బాధ్యతను విడువలేదు.

ఆయన బోధనా పద్ధతిని కొంత వివరించవలసి ఉన్నది. ఆనాటి మన ఆటగాళ్లకు బంతిని తన కాలి దగ్గరే ఉంచుకొని, అడ్డువచ్చిన వారినందరినీ ఒక్కొక్కరుగా తప్పించుకుపోవడమే ఘనత. దీనినే డ్రిబ్లింగ్ అంటారు. ప్రేక్షకులు చప్పట్లు కొట్టేదీ దీనికే. రహీం సాబ్ డ్రిబ్లింగ్‌ను నిషేధించి పోటీలు నడిపారు. బంతి అందగానే తోటివానికి అందించవలసిందే. వాటం లేని కాలితోనే బంతిని తన్నాలన్న నియమంతో మరికొన్ని పోటీలు పెట్టారు. కుడికాలి వాటం గల కుర్రవాడు ఎడమకాలితో తన్నబోయి తడబడతాడు, నలుగురిలో నవ్వులపాలవుతాడు. ఆ నవ్వును ఓర్చుకొన్నవాడే రెండు కాళ్ల ఆటగాడవుతాడు. వచ్చిన విద్యను ప్రదర్శించడం సులభం, రాని విద్యను పదిమంది ఎదుట సాధన చేయడం కష్టం. రహీం సాబ్ నేర్పినది ఈ కష్టాన్నే.

1948 సెప్టెంబరులో హైదరాబాదు సంస్థానం భారతదేశంలో విలీనమైనది. ఆ రోజుల్లో అక్కడి ముస్లిం కుటుంబాలెన్నో రేపటి దినం ఎట్లుండునో అన్న దిగులుతో గడిపాయి. కొందరు ఉద్యోగాలు పోగొట్టుకొన్నారు, కొందరు ఊరు విడిచి పోయారు. సరిగ్గా రెండేళ్లకు రహీం సాబ్ తీర్చిదిద్దిన హైదరాబాదు సిటీ పోలీసు జట్టు బొంబాయి వెళ్లి రోవర్స్ కప్పు గెలిచింది. 1950 మొదలు 1954 వరకు వరుసగా ఐదేళ్లు ఆ కప్పు ఆ జట్టుదే. 1950లోనే దేశపు జట్టు శిక్షణ కూడా రహీం సాబ్ చేతికి వచ్చింది. మరుసటి సంవత్సరం ఢిల్లీలో జరిగిన తొలి ఆసియా క్రీడల ఫైనల్‌లో భారత జట్టు ఇరాన్‌ను 1-0 తేడాతో ఓడించి స్వర్ణం గెలుచుకొన్నది. కలత చెందిన ఒక నగరపు ఉపాధ్యాయుడు దేశానికి ఇచ్చిన సమాధానం ఇది అని మాకు తోస్తున్నది.

విజయాల వెంటనే పరాభవమూ వచ్చింది. 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో మనవారు 10-1 తేడాతో ఓడిపోయారు. ఆ చలిదేశంలో మన ఆటగాళ్లు అనేకులు వట్టి కాళ్లతోనే ఆడారు. ఆ తరువాత అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య బూట్లు తప్పనిసరి చేసింది. రహీం సాబ్ ఓటమిని విధి మీదికి నెట్టక, పాఠంగా చదువుకొన్నారు. సెంటర్ ఫార్వర్డ్‌ను కొంత వెనుకకు జరిపి ఆడించే హంగరీ వారి పద్ధతిని మన పిల్లలకు నేర్పారు.

1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ అవతరించింది. పల్నాడు ప్రజలు, హైదరాబాదు ప్రజలు ఒకే రాష్ట్రవాసులై నెల తిరగగానే, డిసెంబరు 1న మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత జట్టు ఆతిథ్య దేశమైన ఆస్ట్రేలియాను 4-2 తేడాతో ఓడించింది. బొంబాయి ఆటగాడు నెవిల్ డిసౌజా మూడు గోల్స్ చేశాడు. మొదటి రౌండులో మన ప్రత్యర్థి కావలసిన హంగరీ పోటీల నుండి తప్పుకొన్న మాట నిజమే. అయినా ఒలింపిక్ ఫుట్‌బాల్ సెమీఫైనల్ చేరిన తొలి ఆసియా దేశం మనదే. సెమీఫైనల్‌లో యుగోస్లావియాపై మొదటి గోల్ మనవారే చేసి, చివరకు 4-1 తేడాతో ఓడారు. కాంస్య పతకం పోటీలో బల్గేరియా గెలిచింది. నాలుగేళ్ల క్రితం పది గోల్స్ తిన్న దేశం నాలుగవ స్థానానికి చేరింది. ఆ జట్టులో హైదరాబాదు వారు పలువురు. అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, జుల్ఫికరుద్దీన్, తంగరాజ్ వారిలో ఉన్నారు. సికింద్రాబాదు దాపున గల అమ్ముగూడలో బీద కుటుంబంలో పుట్టిన ఇరవై ఏళ్ల తులసీదాస్ బలరాం కూడా ఉన్నాడు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో మనవారు హంగరీ చేతిలో 2-1 తేడాతో ఓడి, ఫ్రాన్సును 1-1 వద్ద నిలువరించారు. హంగరీపై గోల్ చేసినది ఈ బలరామే.

ఇక 1962 జకార్తా ఆసియా క్రీడలు. అప్పటికే రహీం సాబ్ శరీరంలో క్యాన్సర్ ప్రవేశించి ఉన్నది. తొలి ఆటలో దక్షిణ కొరియా చేతిలో 2-0 ఓటమి. థాయిలాండ్‌తో జరిగిన ఆటలో డిఫెండర్ జర్నయిల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడినవి. ఇజ్రాయెల్, తైవాన్ దేశాలను ఆహ్వానించనందుకు మన దేశపు క్రీడాధికారి సోంధీ అభ్యంతరం చెప్పగా, ఇండొనేషియా ప్రజల ఆగ్రహం మన ఆటగాళ్ల మీదికి మళ్లింది. సెప్టెంబరు 4న ఫైనల్. మరల కొరియాయే ప్రత్యర్థి. దాదాపు లక్షమంది ప్రేక్షకులు మనవారిని గేలిచేస్తున్నారు. రహీం సాబ్ జ్వరం నుండి తేరుకొంటున్న పొడగరి తంగరాజ్‌ను గోల్ వద్ద నిలిపారు. గాయపడిన జర్నయిల్ సింగ్‌ను ఫార్వర్డ్‌గా ఆడించారు. పి.కె. బెనర్జీ ఒక గోల్, జర్నయిల్ సింగ్ మరొక గోల్ చేశారు. 2-1 తేడాతో స్వర్ణం మనదైనది.

బ్రహ్మనాయుడు కులభేదం చూడక అందరినీ ఒకే చాప మీద కూర్చోబెట్టి చాపకూడు కుడిపిన కథ పల్నాటి బిడ్డలమైన మాకు ఉగ్గుపాలతో వచ్చినది. జకార్తాలో సిక్కు, హిందూ, క్రైస్తవ, ముస్లిం యువకులు ఒకరికొకరు బంతి అందించుకొని గెలిచిన తీరు చదివినప్పుడు మాకు ఆ చాపయే గుర్తుకు వచ్చింది. బంతిని తనవద్దే దాచుకోరాదన్న నియమంలో ఆటకు మించిన నీతి ఉన్నది.

ఆ విజయం తరువాత రహీం సాబ్ తొమ్మిది నెలలే బ్రతికారు. 1963 జూన్ 11న, 53 ఏళ్ల వయసులో పరమపదించారు. క్రీడా గురువులకిచ్చే ద్రోణాచార్య పురస్కారం 1985లో ఏర్పడింది. అప్పటికి ఆయన పోయి 22 ఏళ్లు. ఆయన కథతో హిందీలో 'మైదాన్' చిత్రం వచ్చింది 2024లో. అంతకన్న బాధాకరమైనది వేరొకటి ఉన్నది. జకార్తా తరువాత భారతదేశం ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో స్వర్ణం ఎరుగదు. రోమ్ తరువాత ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో అడుగిడలేదు. రహీం సాబ్ శిక్షణలో 1956-57, 1957-58 సంవత్సరాల్లో హైదరాబాదు జట్టు సంతోష్ ట్రోఫీ గెలిచింది. 1965-66లో ఆంధ్రప్రదేశ్ గెలిచినది. ఆ పిమ్మట ఆ ట్రోఫీ తెలుగునేలకు రాలేదు. గురువును కోల్పోవడం దైవాధీనం. ఆయన పద్ధతిని పోగొట్టుకోవడం మన స్వయంకృతం.

కనుక కళాశాల కమిటీ పెద్దలకు మాదొక విన్నపం. మా మైదానానికి విగ్రహాలు అక్కరలేదు. వార్షిక క్రీడోత్సవాల్లో డ్రిబ్లింగ్ లేని ఫుట్‌బాల్ పోటీ ఒకటి ఏటేటా జరిపించండి. విద్యార్థి సోదరులారా, ఆ పోటీలో మనం మొదట తడబడతాము, చూసేవారు నవ్వుతారు. నవ్వనిద్దాము. కాచిగూడ పంతులుగారి పాఠం మొదలయ్యేది అక్కడినుండే.