లెవ్ లాండౌ

చెన్నై, కోల్‌కతా నగరములను కలుపు 16వ నంబరు జాతీయ రహదారి శ్రీకాకుళము జిల్లాలో టెక్కలి, పలాసల మీదుగా సాగును. ఉద్దానపు కొబ్బరికాయలను, పలాస జీడిపప్పును మోసికొనిపోవు లారీలు రేయింబవళ్లు దానిపై నడచుచుండును. బడికి పోవు బాలబాలికలును ఆ దారిని దాటుచుందురు. అట్టి దారిలో ఒక్క క్షణమున జరుగు ప్రమాదము మనుష్యుని జ్ఞాపకశక్తిని ఎంతగా దెబ్బతీయగలదో తెలిసికొనుటకు సోవియట్ విజ్ఞాని లెవ్ లాండౌ జీవితము గొప్ప నిదర్శనము.

లాండౌ 1908వ సంవత్సరము జనవరి 22వ తేదీన కాస్పియన్ సముద్రతీరమందలి బాకూ నగరమున జన్మించెను. తండ్రి చమురు పరిశ్రమలో ఇంజనీరు, తల్లి వైద్యురాలు. లాండౌ పదుమూడవయేట పాఠశాల చదువు ముగించి, పదునాలుగవయేట విశ్వవిద్యాలయమున చేరెను. పందొమ్మిదవయేట లెనిన్‌గ్రాడ్‌లో పట్టము పొందెను. పిమ్మట కోపెన్‌హాగెన్ నగరమునకేగి, నీల్స్ బోర్ అను మహావిజ్ఞాని యొద్ద పనిచేసెను.

స్వదేశమునకు తిరిగివచ్చి ఖార్కోవ్‌లోను, 1937 నుండి మాస్కోలోను ఆయన పరిశోధనలు సాగించెను. తన యొద్ద చేరగోరువారికి కఠినమైన పరీక్ష పెట్టుచుండెను. 1961 వరకు అందు నెగ్గినవారు 43 మంది మాత్రమే. 1938లో ప్రభుత్వ మాయనను చెరసాలలో నుంచెను. ఒక సంవత్సరము గడచిన పిదప, కపీట్సా అను విజ్ఞాని పూచీపడి విడిపించెను. మిక్కిలి చల్లబరచిన హీలియము ద్రవము ఏ అడ్డును లేక సన్నని సందులగుండ ప్రవహించుటకు గల కారణమును లాండౌ 1941లో వివరించెను. శిష్యుడగు లిఫ్షిట్జ్‌తో కలిసి గొప్ప భౌతికశాస్త్ర గ్రంథమాలను వెలయించెను.

1962వ సంవత్సరము జనవరి 7వ తేదీ, ఆదివారమునాడు, లాండౌ మాస్కోనుండి దుబ్నా పట్టణమునకు కారులో బయలుదేరెను. మన జిల్లాలో ఆ నెలయందు తెల్లవారుజామున పొగమంచు మాత్రమే క్రమ్మును. అక్కడనో, నీరు గడ్డకట్టి దారి అద్దమువలె నున్నగా నుండును. కారు జారి లారీకి ఢీకొనెను. తక్కినవారికి పెద్ద దెబ్బలు తగులలేదు. లాండౌకు మాత్రము పుర్రె, ప్రక్కటెముకలు, కటి యెముకలు విరిగెను.

పుర్రె గట్టి పెట్టె వంటిది. దెబ్బతిన్న మెదడు వాచినచో దానికి అందు చోటు చాలదు. ఒత్తిడి పెరిగి ప్రాణమునకే ముప్పు వాటిల్లును. లాండౌ ఆరు వారములు స్పృహ లేక పడియుండెను. శిష్యులును, మిత్రులును వంతులు వేసికొని రాత్రింబగళ్లు ఆసుపత్రిలో కాచియుండిరి. పరదేశములనుండి మందులు విమానములలో వచ్చెను. కెనడానుండి పెన్‌ఫీల్డ్ అను ప్రఖ్యాత మెదడు శస్త్రవైద్యుడు వచ్చి చూచెను. తుదకు ప్రాణము నిలిచెను.

లాండౌ మరల మాటలాడెను. పూర్వము నేర్చిన విషయములు ఆయనకు జ్ఞాపకముండెను. కాని నేడు జరిగినది ఆయన మనస్సున నిలుచుట కష్టమయ్యెను. ప్రాత జ్ఞాపకములు మెదడు పైపొరలో పలుచోట్ల వ్యాపించియుండును. క్రొత్త అనుభవము జ్ఞాపకముగా నిలుచుటకో, మెదడు లోపలనున్న హిప్పోకాంపస్ అను చిన్న భాగము సరిగా పనిచేయవలయును. బలమైన దెబ్బకును, ప్రాణవాయువు కొరతకును ఆ భాగము సులభముగా లొంగిపోవును. అందువలననే తలకు గాయమైనవారిలో కొందరు చిన్ననాటి సంగతులు చక్కగా చెప్పుదురు గాని, ఉదయము భుజించినదేమో చెప్పలేరు.

ఆ యేడే లాండౌకు నోబెల్ బహుమానము లభించెను. ఆయన స్వీడనుకు పోజాలకుండుటచే, ఆ దేశపు రాయబారి డిసెంబరు 10వ తేదీన మాస్కో ఆసుపత్రికే వచ్చి బహుమానము నిచ్చెను. కాని ఆ బహుమానమును సంపాదించిన పరిశోధనాశక్తి తిరిగి రాలేదు. మరి ఆరేండ్లు బ్రతికియు ఆయన క్రొత్త పరిశోధన చేయలేకపోయెను. 1968వ సంవత్సరము ఏప్రిల్ 1వ తేదీన, అరువదియవయేట పరమపదించెను. ఆయన పేరిట వెలసిన పరిశోధనాలయమున ఆయన శిష్యులు గురువు కృషిని కొనసాగించిరి.

బాలబాలికలారా! దేశదేశముల వైద్యులు కూడి ఒక మహనీయుని ప్రాణము నిలిపిరి. ఆయన మునుపటి మేధస్సును మాత్రము తిరిగి యీయలేకపోయిరి. కావున మోటారుబండి నెక్కువారు శిరస్త్రాణమును, కారులో కూర్చుండువారు నడికట్టును మరువరాదు. తలకు దెబ్బ తగిలినవానికి పైకి గాయము కనబడకున్నను, మగత గాని వాంతి గాని కలిగినచో వెంటనే ఆసుపత్రికి చేర్చవలయును. అట్టి గాయమువలన మరపు కలిగినవారు మన యింటనో, మన వీధిలోనో ఉండవచ్చును. వారు ఒక్క ప్రశ్ననే పదిమారులు అడిగినను పరిహసింపరాదు. అది వారి తప్పు కాదు. పదిమారులును ఓర్పుతో బదులు చెప్పుటయే మన ధర్మము.