థామస్ గ్రాహము

థామస్ గ్రాహము 1805వ సంవత్సరమున స్కాట్లండు దేశమందలి గ్లాస్గో నగరమున జన్మించెను. కుమారుడు మతబోధకుడు కావలెనని తండ్రి కోరెను. కాని గ్రాహము మనస్సు రసాయనశాస్త్రమునందే లగ్నమయ్యెను. తండ్రి కోపించి ధనసహాయము మానివేసెను. అయినను అతడు చదువు విడువక, 1837లో లండను యూనివర్సిటీ కాలేజీలో ఆచార్యుడయ్యెను. 1855లో టంకశాలాధిపతి యయ్యెను.

1861లో అతడొక పరిశోధనను ప్రకటించెను. జల్లెడవంటి చట్రమునకు పార్చ్‌మెంటు కాగితము బిగించి, అందు మూత్రము పోసి, నీటి తొట్టిలో తేలనిచ్చెను. మూత్రమందలి యూరియా కాగితముగుండ నీటిలోనికి దిగెను. బంక, గ్రుడ్డుసొన వంటి పదార్థములు మాత్రము అట్లు దిగజాలక పైననే నిలిచెను. ఈ వేర్పాటునకు అతడు డయాలిసిస్ అని పేరిడెను.

మూత్రపిండములు హఠాత్తుగా చెడినచో యూరియా మొదలగు మలినములు రక్తమున పేరుకొని ప్రాణాపాయము కలుగును. ఆ మలినములను గ్రాహము మార్గముననే తీయవచ్చునని తరువాతి వైద్యులు తలంచిరి. జర్మనీలో గేయోర్గ్ హాస్ 1924లో మొదటిసారి మనుష్యునకు ఈ చికిత్స చేసెను. యుద్ధకాలమున హాలెండులోని కాంపెన్ పట్టణమందు విలెం కోల్ఫ్ సెలోఫేను గొట్టములతో యంత్రము నిర్మించెను. 1943 మొదలు అనేకులు మరణించినను అతడు నిరాశ చెందలేదు. 1945లో 17వ రోగియైన 67 ఏండ్ల స్త్రీ స్పృహ పొంది బ్రదికెను; ఆమె మూత్రపిండములు మరల పనిచేయసాగెను.

గ్రాహము 1869లోనే మరణించెను. తన కాగితపు చట్రము ఇట్లు ప్రాణములు నిలుపునని అతడెరుగడు. విద్యార్థులారా, ప్రయోగశాలలో మీరు చేయు చిన్న పనినైనను శ్రద్ధతో చేయుడు. దాని ఫలమును మరియొక తరమువారు పొందవచ్చును.