తల్లి గుండె నిబ్బరం

బీ అమ్మాగా దేశమంతా ఎరిగిన ఆబాదీ బానో బేగం రాంపూర్‌కు చెందిన ఇల్లాలు. భర్త అబ్దుల్ అలీ ఖాన్ చనిపోయేనాటికి ఆమెది చిన్న వయసే. పిల్లలు పసివారు. మళ్లీ పెళ్లికి ఆమె ఒప్పుకోలేదు.

తాను బడి ముఖం చూడకపోయినా కొడుకులకు ఇంగ్లీషు చదువు చెప్పించాలని పట్టుబట్టారు. ఆస్తి వ్యవహారాలు చూసే భర్త సోదరుడు డబ్బివ్వనంటే, తగవు పెట్టుకోలేదు. గుట్టుగా నగలు కుదువపెట్టి పిల్లల్ని బరేలీ బడికి పంపారు. తర్వాత వారు అలీగఢ్‌లో చదివారు. ముహమ్మద్ అలీ ఆక్స్‌ఫర్డ్ దాకా వెళ్లారు.

1915లో ప్రభుత్వం ముహమ్మద్ అలీ, షౌకత్ అలీలను నిర్బంధించింది. చింద్వారాలో తల్లి వారి వెంటే ఉన్నారు. షరతులకు తలొగ్గితే విడుదల చేస్తామన్న మాట వచ్చినప్పుడు, ఆమె ససేమిరా అన్నారు. 1917లో కలకత్తా ముస్లిం లీగ్ సభలో కొడుకుకు బదులు బుర్ఖాలోనే ప్రసంగించారు.

1921 సెప్టెంబరు 14న గాంధీజీతో మద్రాసు వెళుతున్న ముహమ్మద్ అలీని మన వాల్తేరు స్టేషన్‌లో అరెస్టు చేశారు. కరాచీ కేసులో సోదరులిద్దరికీ రెండేళ్ల కఠిన శిక్ష పడింది. ఆ వృద్ధురాలు ఏడుస్తూ కూర్చోలేదు. ఊరూరా తిరిగి ఖిలాఫత్ ఉద్యమానికి చందాలు పోగుచేశారు. 1924 నవంబరులో కన్నుమూశారు.

కష్టం గడప తొక్కినప్పుడు పిల్లలు మొదట చూసేది తల్లిదండ్రుల ముఖాలనే. అక్కడ బెదురు కనిపిస్తే ఇల్లంతా బెదురుతుంది. నిబ్బరం కనిపిస్తే ఇల్లంతా నిలబడుతుంది. అలీ సోదరుల ఇల్లు అలాగే నిలబడింది.