సర్ చార్లెస్ షెరింగ్టన్

ఖమ్మము నుండి భద్రాచలము వైపు సాగు అడవిదారులలో, టేకుచెట్ల నీడన, పసులకాపరి వెంట అతని కుక్కయు పరుగిడుచుండును. ఒక రేగుముల్లు దాని ముందరికాలిలో గ్రుచ్చుకొనినచో ఏమి జరుగును? ఆ కాలు తటాలున పైకి లేచును. అదే క్షణమున రెండవ ముందరికాలు బిగిసి దేహభారమును మోయును. వెన్నుకండరములు సర్దుకొని, దేహము ప్రక్కకు ఒరగకుండ కాపాడును. కుక్క ఆలోచించి చేసిన పని కాదిది. మరి కాలికి తగిలిన ముల్లు సంగతి వెన్నునకు ఎట్లు తెలిసినది? ఇట్టి ప్రశ్నలకు సమాధానము వెదకుటలో జీవితమును ధారపోసిన శాస్త్రజ్ఞుడు సర్ చార్లెస్ షెరింగ్టన్.

షెరింగ్టన్ 1857వ సంవత్సరము నవంబరు 27వ తేదీన లండన్ నగరమున జన్మించెను. ఆయన బాల్యము ఇప్స్‌విచ్ పట్టణమున, శస్త్రవైద్యుడగు కాలెబ్ రోజ్ గృహమున గడచెను. లండనులో వైద్యమును, కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమున శరీరధర్మశాస్త్రమును ఆయన అభ్యసించెను.

1894లో ఆయన కంఠసర్పి వ్యాధికి విరుగుడు సిద్ధపరచు ప్రయత్నములో నుండెను. ఒక గుఱ్ఱమునకు ఆ వ్యాధివిషమును స్వల్పమాత్రలలో ఎక్కించి, దాని రక్తమున విరుగుడు పుట్టునట్లు చేయుచుండెను. అంతలో, తన బంధువుల బాలుడు అదే వ్యాధితో ప్రాణాపాయ స్థితిలో నున్నాడని వార్త వచ్చెను. ఆ మందును అంతవరకు ఆయన మనుష్యులపై ప్రయోగించి యుండలేదు. ఊరకున్నచో బాలుడు దక్కడు. షెరింగ్టన్ రాత్రికి రాత్రి గుఱ్ఱము రక్తమును సేకరించి, విరుగుడును తీసికొనిపోయి బాలునికి ఎక్కించెను. బాలుడు బ్రదికెను.

అయినను ఆయన మనస్సు నాడీమండలముపైననే లగ్నమై యుండెను. వెన్నుపాము నుండి కండరములకు ఆజ్ఞలు కొనిపోవు నాడులు కొన్ని. దేహభాగముల నుండి వెన్నుపామునకు వార్తలు తెచ్చు నాడులు కొన్ని. మొదటివి చాలకనాడులు, రెండవవి జ్ఞాననాడులు. కండరమునకు పోవు నాడీతంతువులలో ఇంచుమించు మూడవవంతు మొదలు సగము వరకు జ్ఞానతంతువులేయని షెరింగ్టన్ 1894లో నిరూపించెను. కండరము ఆజ్ఞను పాలించుటయే కాక, తన స్థితిని ఎల్లప్పుడు విన్నవించుకొనుచుండునని దీనివలన తేలినది.

మరుసటి సంవత్సరము మాట్ అను వైద్యునితో కలిసి ఆయన మరియొక ప్రయోగము చేసెను. మత్తుమందు ఇచ్చి, ఒక కోతి చేతినుండి వచ్చు జ్ఞాననాడులను మాత్రము ఖండించిరి. ఆజ్ఞలు కొనిపోవు నాడులు చెక్కుచెదరలేదు. ఐనను కోతి ఆ చేతితో ఆహారము నందుకొనుట మానివేసెను. వార్త లేనిచోట ఆజ్ఞయు నిరుపయోగమైనట్లు తోచెను. మంచి చేతిని కట్టివేసినచో కోతి రెండవ చేతిని క్రమముగ వాడ నేర్చుకొనునని తరువాతి శాస్త్రజ్ఞులు కనుగొనిరి. ఆ జ్ఞానము నేడు పక్షవాత రోగుల చికిత్సకు తోడ్పడుచున్నది.

1895లో లివర్‌పూల్ నగరమున ఆచార్యుడైన పిదప ఆయన పరిశోధనలు విస్తరించెను. మెదడుతో సంబంధము తెగిన కుక్క వీపును మెల్లగా గీరినచో, ఆ వైపు వెనుకకాలు లయబద్ధముగ గోకుకొనును. వీపునకును కాలికిని వెన్నుపాములోనే పొత్తు కలదని ఇట్లు స్పష్టమయ్యెను. ఒక కండరము బిగియునపుడు దాని ఎదిరి కండరము సడలుననియు ఆయన చూపెను. ఒక నాడీకణము మరియొకదానితో కలియు చోటునకు 1897లో సినాప్సు అను పేరు పెట్టెను. నాడీమండలము దేహమును ఏకముగ నడపు విధమును వివరించు ఆయన గ్రంథము 1906లో వెలువడెను. ఆ మార్గమున సాగిన పరిశోధకులు, కాళ్లనుండి వచ్చు వార్త వెన్నుపాములోని మధ్యవర్తి కణముల ద్వారా వెన్నుకండరములను నడపు కణములకును అందునని తెలిసికొనిరి.

1913లో ఆయన ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయమున ఆచార్యుడయ్యెను. మొదటి ప్రపంచయుద్ధ కాలమున, 1915లో, పనివారి అలసటకు కారణములు తెలిసికొనగోరి, బర్మింగ్‌హామ్ నగరమందలి ఫిరంగిగుండ్ల కర్మాగారములో సామాన్య కూలివానివలె చేరెను. ఏబదియేడేండ్ల ప్రాయమున దినమునకు 13 గంటలు పనిచేసెను. అలసటను గూర్చి గ్రంథములలో చదువుటతో ఆయన తృప్తిపడలేదు. తన కండరములనే సాక్షులుగ చేసికొనెను.

1920 నుండి 1925 వరకు ఆయన రాయల్ సొసైటీకి అధ్యక్షుడుగ నుండెను. 1932లో ఎడ్గార్ ఏడ్రియన్‌తో కలిసి నోబెల్ బహుమానమును పొందెను. ఆయన శిష్యులలో ఫ్లోరీ, ఎకిల్స్, గ్రానిట్ అనువారును తరువాత ఆ బహుమానమునకు పాత్రులైరి. 1952వ సంవత్సరము మార్చి 4వ తేదీన, తొంబదినాలుగేండ్ల వయస్సున షెరింగ్టన్ కన్నుమూసెను.

దేహమునందు ఏ అవయవమును ఒంటరిగ పనిచేయదు. అరికాలి వార్త విని వెన్ను సర్దుకొనును; వెన్ను నిలిచినందున కాలు అడుగు వేయగలుగును. నిత్యము మన దేహమందే జరుగుచు మన కంటబడని ఈ సహకారమును లోకమునకు వెల్లడించిన కీర్తి షెరింగ్టనునకు దక్కినది.