గణాంక శాస్త్రవేత్త మహలనోబిస్

ఒక తరగతిలోని విద్యార్థుల సగటు మార్కులు 50. పక్క తరగతి సగటు కూడా 50. అంతమాత్రాన రెండు తరగతులూ ఒకటే అనవచ్చునా? మొదటి తరగతిలో అందరికీ 45కు, 55కు మధ్యనే వచ్చాయి. రెండవ తరగతిలో కొందరికి 10, కొందరికి 90 వచ్చాయి. సగటును మాత్రమే చూసేవారికి ఆ వెనుకబడిన పిల్లలు కనిపించరు. అందువల్ల మార్కులు సగటుకు అటూ ఇటూ ఎంత దూరం చెదిరి ఉన్నాయో కూడా చూడాలి. దీనినే విచలనం అంటారు.

మనిషి ఎత్తును కొలబద్దతో కొలవవచ్చు. జ్ఞాపకశక్తినీ, తెలివితేటలనూ కొలిచే కొలబద్ద ఏదీ లేదు. కనుక మనస్తత్వ శాస్త్రజ్ఞులు అనేకమందిని పరీక్షించి, వచ్చిన అంకెలను గణాంక శాస్త్రం సాయంతో పరిశీలిస్తారు. ఆ శాస్త్రాన్ని మన దేశంలో నాటి పెంచిన మహనీయులు ప్రశాంతచంద్ర మహలనోబిస్.

ఆయన 1893 జూన్ 29వ తేదీన కలకత్తాలో ఒక బ్రహ్మసమాజ కుటుంబంలో జన్మించారు. 1912లో ప్రెసిడెన్సీ కళాశాలలో భౌతికశాస్త్ర పట్టం పొంది, ఆ మరుసటి ఏడాది ఇంగ్లండు వెళ్లారు. ఒకనాడు కేంబ్రిడ్జి చూడడానికి వెళ్లి తిరుగు రైలు అందుకోలేకపోయారు. ఆ ఊరి అందానికి ముగ్ధులై అక్కడి కింగ్స్ కళాశాలలోనే చేరారు.

1915లో చదువు ముగించుకొని సెలవుపై స్వదేశానికి బయలుదేరబోతూ ఉండగా, ఒక అధ్యాపకుడు ఆయనకు 'బయోమెట్రికా' అనే పత్రికను చూపించారు. ప్రాణుల కొలతలను గణితంతో విశ్లేషించే పత్రిక అది. మహలనోబిస్ ఆ సంపుటాలన్నీ కొని, ఓడ ప్రయాణంలోనే చదవడం మొదలుపెట్టారు. కలకత్తా చేరాక ప్రెసిడెన్సీ కళాశాలలో భౌతికశాస్త్రం బోధించసాగారు. పగలు పాఠాలు, తీరిక వేళల్లో గణాంకాలు. మరల కేంబ్రిడ్జికి చదువుకోసం పోలేదు.

తరువాతి కాలంలో మైసూరు విశ్వవిద్యాలయ ఉపకులపతిగా పనిచేసిన బ్రజేంద్రనాథ్ శీల్, కలకత్తా విశ్వవిద్యాలయ పరీక్షల మార్కులను పరిశీలించే పని ఆయనకు అప్పగించారు. ఒక పాఠ్యాంశంలో బాగా మార్కులు తెచ్చుకున్నవారు మరొకదానిలో కూడా తెచ్చుకుంటున్నారా? ఈ రెంటి నడుమ గల సంబంధాన్ని సహసంబంధం అంటారు. రెండు విషయాలు కలిసి పెరిగినంత మాత్రాన ఒకటి రెండవదానికి కారణమని చెప్పలేము. ఈ జాగ్రత్త పరిశోధకునికి ఎంతో అవసరం. అనంతరం ఆయన బెంగాలీ పాఠశాలల పిల్లల తెలివితేటల పరీక్షలపైన కూడా పరిశోధన చేశారు.

మానవుల కొలతలను పరిశీలిస్తూ ఉండగా ఆయనకు ఒక కొత్త ఆలోచన తట్టింది. ఒక వ్యక్తి ఎత్తును విడిగా చూస్తే వింత లేదు. బరువును విడిగా చూసినా వింత లేదు. కాని అంత ఎత్తుకు అంత తక్కువ బరువు ఉండడం అరుదు కావచ్చు. కొలతలను విడివిడిగా గాక, వాటి పరస్పర సంబంధంతో కలిపి చూసి, భేదాన్ని లెక్కించే సూత్రాన్ని ఆయన రూపొందించి 1936లో సమగ్రంగా ప్రకటించారు. అది ప్రపంచమంతటా 'మహలనోబిస్ దూరం' అనే పేరుతో ప్రసిద్ధి పొందింది.

ఆయన శాస్త్రం గ్రంథాలకే పరిమితం కాలేదు. 1926లో ఒడిశాలోని బ్రాహ్మణి నదికి పెద్ద వరద వచ్చింది. నది అడుగు మేటవేసి పైకి లేచిందని ఇంజనీర్లు భావించి, కరకట్టలను ఎత్తు చేయాలన్నారు. మహలనోబిస్ సుమారు 60 సంవత్సరాల లెక్కలు తిరగవేసి, నది అడుగు పెరగలేదనీ, ఎగువన ఆనకట్టలు కట్టి నీటిని నిలపడమే మార్గమనీ తేల్చారు. ఒక్క ఏటి అనుభవాన్నే నమ్మి ఉంటే ఎంతో ధనం వృథా అయ్యేది, రైతుల పొలాలకు ముంపు తప్పేది కాదు.

1931 డిసెంబరు 17న ఆయన భారతీయ గణాంక సంస్థను స్థాపించారు. ప్రెసిడెన్సీ కళాశాలలోని ఆయన ప్రయోగశాలే దాని తొలి నివాసం. 1933లో 'సాంఖ్య' అనే పత్రిక వెలువడింది. కర్ణాటకలోని హడగలిలో తెలుగు కుటుంబంలో పుట్టిన సి.ఆర్. రావు 1941లో ఈ సంస్థలో చేరి, గణాంక శాస్త్రంలో విశ్వవిఖ్యాతి గడించారు.

1937లో బెంగాలులో జనుము పంట విస్తీర్ణాన్ని అంచనా వేసే పని ఆరంభమైంది. ప్రతి పొలాన్నీ చూడడం ఎలా సాధ్యం? అన్నం ఉడికిందో లేదో తెలియడానికి ఒక్క మెతుకు పట్టి చూస్తాం కదా! అయితే మెతుకులన్నీ ఒక్క తీరుగా ఉంటాయి. పొలాలు గాని, మనుషులు గాని అలా ఉండరు. దారి పక్కవాటినే చూస్తే లెక్క తప్పుతుంది. అందుచేత ఏ పొలానికైనా సమాన అవకాశం ఉండేటట్లు, చీట్లు తీసిన రీతిగా నమూనాను ఎన్నుకోవాలి. మహలనోబిస్ మరొక జాగ్రత్త కూడా పాటించారు. ఒకరి సంగతి మరొకరికి తెలియకుండా రెండు బృందాలను వేరువేరు నమూనాలపైకి పంపేవారు. రెండు ఫలితాలకూ పొంతన కుదరకపోతే, లోపం ఎక్కడ ఉందో వెదికేవారు. కొలిచేవాడు కూడా మనిషే, అతడూ పొరబడతాడు అనే ఎరుక ఇందులో ఉంది.

ఈ అనుభవంతోనే 1950లో జాతీయ నమూనా సర్వే ప్రారంభమయింది. 1956లో మొదలైన రెండవ పంచవర్ష ప్రణాళికకు ఆయన రూపకల్పన చేశారు. 1945లో లండన్ రాయల్ సొసైటీ సభ్యత్వం, 1968లో పద్మవిభూషణ్ ఆయనను వరించాయి. 1972 జూన్ 28న, తన 79వ జన్మదినానికి ఒక్కరోజు ముందు ఆయన పరమపదించారు. 2007 నుండి ఆయన జన్మదినాన్ని జాతీయ గణాంక దినంగా జరుపుకొంటున్నాము.

ప్రతి అంకె వెనుక ఒక మనిషి ఉంటాడు. తొందరపడి నిర్ణయానికి రాక, నిజాయితీగా లెక్కించి, మన లెక్కను మనమే అనుమానించి సరిచూసుకోవడం మహలనోబిస్ జీవితం నుండి మనం నేర్చుకోవలసిన పాఠం.