రాబర్టు బ్రూస్ ఫుట్

రాబర్టు బ్రూస్ ఫుట్ 1834వ సంవత్సరమున ఇంగ్లండునందలి చెల్టనుహామ్ పట్టణమున జన్మించెను. 1858లో భారత భూగర్భ పరిశోధనశాఖలో ఉద్యోగియై వచ్చి, తన కొలువునందు అధికభాగమును దక్షిణదేశముననే గడపెను. 1863లో పల్లావరముకడ ఆతనికి దొరికిన రాతిగొడ్డలి లోకప్రసిద్ధము. నాటి కర్నూలు మండలమునందలి బిల్లసర్గము గుహలను త్రవ్వించి పరిశోధించినవాడును ఆతడే. ఈ కీర్తి చాటున ఆతని బంగారపు పరిశోధన మఱుగుపడినదని మా తలంపు.

ఆ కాలమున బంగారమను మాట వినబడినంతనే ధనికులకు మతి చలించుచుండెను. 1880 ప్రాంతమున వయనాడు కొండలలో పైడి విస్తారముగా కలదని లండనులో పెక్కు కంపెనీలు వెలసి, వాటాలమ్మి, కొలది యేండ్లకే కూలిపోయెను. ఎచ్చట త్రవ్వవలయునో వారికి తెలియదు.

ఫుట్ మొదట రాతిని చూచెను. ధార్వాడ ప్రాంతమునందలి డంబళ కొండలలో వాగుల ఇసుకను కడిగి పైడిరేణువులను ఏఱు జాలగరులుండిరి. ఏ వాగున రేణువు కనబడునో, ఆ వాగు ఏ రాళ్లలో పుట్టినదో పరిశీలించి, ఆతడు 1874లో ఒక వ్యాసము ప్రకటించెను. ఆకుపచ్చ చాయ గలిగి పొరలుపొరలుగా చీలెడి రాళ్లనుండి పాఱు వాగులలోనే పైడి కలదు. పూర్వులు ఈ రాళ్లను చుట్టునున్న నైసుశిలలో భాగముగా ఎంచుచుండిరి. ఫుట్ వానిని వేఱుచేసి ధార్వాడ శిలలని పేరిడి, అవి సన్నని పొడవైన పట్టీలుగా వ్యాపించియున్నవని చూపెను. దక్షిణదేశపు బంగారమునకు ఇవియే ముఖ్యస్థానమని 1888లో ప్రకటించెను. కోలారు గనులు అట్టి పట్టీలోనివే; నాటి అనంతపురము మండలపు రామగిరియు అట్టిదే.

దీనికి కారణమును తరువాతి శాస్త్రజ్ఞులు తెలిపిరి. సుమారు 270 కోట్ల యేండ్ల క్రిందట సముద్రగర్భమున లావా ప్రవహించి గట్టిపడెను. పిమ్మట భూఖండములు ఒండొంటిని ఒత్తుకొనిరాగా ఆ రాళ్లు మడతలుపడి, నెఱ్ఱెలు వాఱెను. మిక్కిలి లోతున, వేడికి రాళ్లనుండి వెలువడిన నీరు గంధకముతో కూడి, బంగారమును కరగించుకొని ఆ నెఱ్ఱెలవెంట పైకెగసెను. పైకి వచ్చినకొలది ఒత్తిడియు వేడిమియు తగ్గగా, తాను మోసికొనివచ్చిన పలుగును పైడిని అచ్చటనే వదలెను. నెఱ్ఱె లేనిచో నీటికి త్రోవ లేదు. త్రోవ లేనిచో బంగారము ఒకచోట చేరదు. తెల్లని పలుగురాయి కనబడిన చోటనెల్ల పైడి యుండదని దీనివలన తెలియును. (సంచుల నిండ పలుగురాళ్లు మోసికొనివచ్చు మన బాలురు దీనిని గమనింతురు గాక!)

కోలారునందు గనివారు అట్టి పలుగుచారను వెంబడించి 3 కిలోమీటర్లకు మించిన లోతునకు దిగిరి. వారిలో తెలుగువారును పెక్కురు. 2001లో మూతపడువఱకు అచట సుమారు 800 టన్నుల బంగారము లభించెను.

ఫుట్ 1891లో కొలువు విరమించి, పిమ్మట బరోడా, మైసూరు సంస్థానములలో భూగర్భశాస్త్రజ్ఞుడుగా పనిచేసెను. తాను సేకరించిన ప్రాచీన వస్తువులను 1904లో చెన్నపట్టణపు మ్యూజియమునకు విక్రయించెను. 1912 డిసెంబరు 29న కలకత్తాలో మరణించెను. ఖండములు కదలునని వెగెనర్ పండితుడు జర్మనీలో మొదటిసారి ఉపన్యసించినది ఆ యేటి జనవరిలోనే. ఆ సిద్ధాంతపు సాయము లేకయే ఫుట్ గీచిన పట్టీలలోనే నేటికిని బంగారమును వెదకుచున్నారు.